నోట్‌బుక్‌లో ఉన్నట్టే

కెమిస్ట్రీ మేడమ్ ఏడాదికొకసారి సిలబస్‌లో లేని పాఠం ఒకటి చెబుతుంది. పరీక్షలో రాదు, హెడ్‌మిస్ట్రెస్‌కి నచ్చదు, పక్క క్లాసు లెక్కల మాస్టారికి అసలే గిట్టదు. అయినా చెబుతుంది. రసాయన శాస్త్రంలో పని ఒకరిదీ పేరు ఇంకొకరిదీ అయిన కథలు అవి. ఆక్సిజన్‌ని అందరికంటే ముందు పట్టుకుని, పుస్తకం అచ్చవడం ఆలస్యమై వెనకబడిపోయిన మందుల కొట్టాయన. మొగుడి ప్రయోగాలకి బొమ్మలు గీసి, కొలతలు రాసి, పరాయి భాష పుస్తకాలు తర్జుమా చేసిపెట్టి, చివరికి ఫలానా ఆయన భార్యగా మాత్రమే మిగిలిన ఇల్లాలు. వంటింట్లో గిన్నెలు తోమే నీళ్ళ మీద జిడ్డు పొర ఎలా పాకుతుందో కూర్చుని కొలిచిన అమ్మాయి.

ఈ మూడో ఆవిడ దగ్గరికి వచ్చేసరికి మేడమ్ గొంతు మారుతుంది. "ఆ అమ్మాయి తన కొలతలన్నీ ఒక పెద్ద శాస్త్రవేత్తకి ఉత్తరం రాసింది. ఆయన ఆ ఉత్తరాన్ని ఆమె పేరుతోనే పత్రికకి పంపించాడు. తన పేరు పెట్టుకోలేదు. అలాంటి మగానుభావులు కూడా పుడతారు, రాసుకోండి" అంటుంది. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు. ఆ మాటలో ఎంత కారం ఉందో పాపం వాళ్ళకేం తెలుసు.

పాఠం అయ్యాక ప్రాజెక్టు ఇస్తుంది. ఒక్కొక్కరూ ఒక్కొక్క మరుగునపడిన మనిషిని వెతికి, చార్టు రాసి, తల్లిదండ్రులు వచ్చే రోజున హాల్లో నిలబడి చెప్పాలి. ఇరవై మార్కులు. షరతు ఒక్కటే, ఏ మాట రాసినా దానికి ఆధారం చూపించాలి. "నాకు అనిపించింది", "అందరూ అంటారు" లాంటివి కొట్టేస్తుంది. అందుకే పిల్లలు ఆమెకి ఆధారం మేడమ్ అని పేరు పెట్టుకున్నారు. ఎవరైనా లేటుగా వచ్చి కడుపునొప్పి అన్నారంటే చాలు, వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు "ఆధారం" అని అందిస్తారు. మేడమ్ కూడా నవ్వేస్తుంది.

ఆ ఏడు గోడ పక్క బెంచీలో కూర్చునే పిల్ల అందరికంటే ముందు వచ్చింది. దాని అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుందిగానీ క్లాసంతా ఎందుకమ్మ అనే పిలుస్తుంది. మాటకి ముందు ఎందుకు, మాటకి వెనక ఎందుకు. ఇలాంటి పిల్ల పదేళ్ళకొకటి దొరికినా చాలు, పంతులమ్మ బతుకు తెల్లారిపోదని మేడమ్‌కి దాని మీద లోపల్లోపల మురిపెం.

"మేడమ్, నేను మా తాతయ్య మీద రాస్తాను" అంది ఎందుకమ్మ.

"మీ తాతయ్య కెమిస్టా?"

"అమ్మ వాళ్ళ నాన్న. రీసెర్చ్ చేసేవారంట. చెట్టు బెరడులోంచి నీలిరంగు తీశారు మేడమ్, ఎన్నిసార్లు ఉతికినా వెలవదంట. పేపరు కూడా అచ్చయింది. కానీ వేరేవాళ్ళు చేస్తే రాలేదని ఆయన్ని అబద్ధాలకోరు అన్నారు. ఇంట్లో మా నాన్న కూడా ఎగతాళి చేస్తాడు. తాతయ్య నెల నుంచీ మంచం మీదే ఉన్నారు. ఆ రోజు అందరి ముందూ చేసి చూపిద్దామని."

ఫైలు తెరిచి నాలుగు పేజీల జిరాక్సు చేతిలో పెట్టింది. మేడమ్ మొదటి లైను చదివింది. రచయిత పేరు చదివింది. ఒక్క పేరే ఉంది. తర్వాత ఏం చదివిందో ఆమెకి తెలియదు. "సరే, మొదలుపెట్టు" అని ఫైలు తిరిగి ఇచ్చేసి, స్టాఫ్‌రూములోకి వెళ్ళి, కుళాయి తిప్పి మొహం కడుక్కుంది.

ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఆ నీలిరంగు తీసింది ఆమె.

అప్పుడు ఆమెకి ఇరవై నాలుగు. ఆ తాతయ్యే ఆమెకి రీసెర్చ్ గైడు. రెండంతస్తుల పాత భవనం, కింద స్టోరు, పైన ల్యాబు, గోడల వెంట పచ్చబడిపోయిన రాగి గొట్టాలు. ఆయన చండశాసనుడు. బీకరు సరిగా కడగకపోతే వారం రోజులు మాట్లాడేవాడు కాదు. ప్రయోగంలో కుళాయి నీళ్ళు వాడిన కుర్రాణ్ణి ఒకణ్ణి అందరి ముందూ నిలబెట్టి, "నువ్వు హోటల్లో చేరాల్సినవాడివి, ల్యాబులో కాదు" అని పంపేశాడు కూడా. బెరడుని సోడాలో ఎక్కువసేపు మరగబెట్టి చూడాలన్న ఆలోచన ఆమెది. ఆయన "టైము దండగ" అన్నాడు. ఆదివారం ఎవరూ లేనప్పుడు ఆమె ఒక్కతే వచ్చి పెట్టుకుంది. సరిగ్గా ఆ రోజే డిస్టిల్డ్ వాటర్ తీసే సెట్టులో కాయిల్ కాలిపోయింది. క్యాన్ ఖాళీ. బెరడు నానిపోయి ఉంది, వదిలేస్తే పాడవుతుంది. ఎవరు చూడొచ్చారని కుళాయి తిప్పి పట్టేసింది.

మధ్యాహ్నానికి ఫ్లాస్కులో నీలం దిగింది. అంత నీలం ఆమె ఎప్పుడూ చూడలేదు. కంగారులో మూత తీయబోయి ఎడమ మణికట్టు కాల్చుకుంది, అయినా నవ్వుతూనే ఉంది. గుడ్డముక్క ముంచి, సబ్బుతో ఉతికి, ఎండలో వేసి, మళ్ళీ ఉతికింది. రంగు రవ్వంత కూడా కదల్లేదు. అప్పుడు నోట్‌బుక్ తీసి అంతా వరసగా రాసుకుంటూ వచ్చింది. నీళ్ళ దగ్గర ఆగింది. కుళాయి నీళ్ళు అని రాస్తే సోమవారం తన గతి కూడా ఆ కుర్రాడి గతే. "డిస్టిల్డ్ వాటర్, 200 మి.లీ." అని రాసేసింది.

ఒకే ఒక్క మాట. కొంపలేం మునుగుతాయిలే అనుకుంది.

సోమవారం ఆయన ఆ గుడ్డముక్కని వెలుతురులో పెట్టి పావుగంట చూశాడు. నోట్‌బుక్‌లో ప్రతి పేజీ కింద సంతకం పెట్టాడు. కాయిల్ బాగయ్యాక ఆమె మళ్ళీ చేసింది, సరైన నీళ్ళతో. బురదలాంటి గోధుమరంగు వచ్చింది. నాలుగు రోజులు తల బద్దలుకొట్టుకుని, గొట్టాల్లో రాగి నీళ్ళలోకి దిగుతోందని కనిపెట్టింది. అసలు కిటుకు అదే, రంగుని పట్టి నిలబెట్టేది ఆ కాస్త రాగే. పేపరు రాసేటప్పుడు చెబుదామని దాచుకుంది. అప్పటిదాకా ఆయన అడిగినప్పుడల్లా కుళాయి నీళ్ళతోనే నీలం చేసి ఇస్తూ వచ్చింది. తీరా ఒక రోజు పత్రిక వచ్చింది. నాలుగు పేజీలు, ఒక్క పేరు. చివర్న కృతజ్ఞతలు కూడా కరెంటు బాగుచేసిన మనిషికి ఉన్నాయిగానీ ఆమెకి లేవు.

ఆమె వెళ్ళి నిలదీయలేదు. రాగి సంగతి చెప్పకుండా నోరు కుట్టేసుకుంది.

ఆర్నెల్లలో ఉత్తరాలు మొదలయ్యాయి. మేం చేశాం, రాలేదు. మేమూ చేశాం, రాలేదు. ఆయన స్వయంగా చొక్కా చేతులు మడిచి దిగాడు. గోధుమరంగు. ఆమెని గదిలోకి పిలిచి, తలుపు వేసి, మొదటిసారి మెత్తగా అడిగాడు, "అమ్మా, నువ్వెలా చేశావు?"

"నోట్‌బుక్‌లో ఉన్నట్టే చేశాను సార్" అంది.

ఆ జవాబు చెప్పినప్పుడు కలిగిన సంతోషం ఆమెకి ఇప్పటికీ గుర్తుంది. మనిషికి అంత సంతోషం కలగకూడదు. ఆయన డిపార్ట్‌మెంటు హెడ్ కాలేదు, ఆయన మాట ఎవరూ నమ్మలేదు, రిటైర్మెంటు రోజున పూలగుత్తి ఇచ్చి పంపేశారు. ఆమె అంతకు చాలా ముందే రీసెర్చ్ మానేసి బడిలో చేరింది. నిజం తన పేరుతో బయటపెట్టాలంటే నోట్‌బుక్‌లో దొంగరాత రాశానని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నదాన్ని ఏ ల్యాబు గడప తొక్కనిస్తుంది? అలా నీలం ఎవరికీ కాకుండా పోయింది. ఏటా ఆ పాఠం చెప్పేటప్పుడల్లా, చివర్లో ఇంకొక పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయేది.

ఇప్పుడు ఆ మనిషే మరుగునపడిన శాస్త్రవేత్త అయి, ఇరవై మార్కులకి ఆమె ముందుకే వస్తున్నాడు. దేవుడనేవాడుంటే వాడికి హాస్యం పాలు ఎక్కువే.

వారం తిరక్కుండా ఎందుకమ్మ ల్యాబులో మూడుసార్లు బురద తీసింది. నాలుగోసారి చేసేటప్పుడు మేడమ్ వెనక వచ్చి నిలబడింది. బల్ల మీద తెరిచి ఉన్నది జిరాక్సు కాదు. అట్ట చిరిగిన పాత నోట్‌బుక్. తన అక్షరాలు. తాతయ్య ట్రంకు పెట్టెలో దొరికిందట.

"అంతా ఇందులో ఉన్నట్టే చేస్తున్నాను మేడమ్. ఎందుకు రావట్లేదు?" అంది ఎందుకమ్మ, ఏడుపు ఆపుకుంటూ.

తల్లిదండ్రులు వచ్చే రోజుకి నాలుగు రోజులే ఉన్నాయి. చెప్పేస్తే పిల్ల గట్టెక్కుతుంది, కానీ దానితో పాటు ఆ ముసలాయన కూడా గట్టెక్కుతాడు. చెప్పకపోతే పిల్ల అందరి ముందూ తలదించుకుంటుంది. మేడమ్‌కి ఒకటే కావాలనిపించింది. నీలం ఆవిడది అని ఆయన నోటితో ఒక్కసారి, ఒక్క మనిషి ముందు అనాలి. చార్టు మీద పేరు పడాలి. అంతే. అది కూడా ఎక్కువేనా?

సాయంత్రం బడి నుంచి నేరుగా వాళ్ళింటికి వెళ్ళింది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పిల్ల తల్లి తలుపు తీసి, "మీరొస్తారని మా అమ్మాయి చెప్పనే లేదు మేడమ్" అని కుర్చీ మీది ఇస్త్రీ బట్టలు తీసి కూర్చోబెట్టింది. పక్క గదిలో మంచం, స్టూలు మీద మాత్రల డబ్బాలు, కిటికీకి కట్టిన దుప్పటి. ఆయన చిక్కిపోయాడు. కళ్ళు మాత్రం అప్పటివే.

"సార్, నేను మీ దగ్గర పనిచేశాను. రెండో అంతస్తు ల్యాబులో."

ఆయన చాలాసేపు చూశాడు. "ఆ, ఆ. గాజుసామాను కడిగేదానివి కదూ."

"రీసెర్చ్ స్టూడెంటుని సార్."

"చాలామంది ఉండేవారమ్మా" అన్నాడు ఆయన, మర్యాదగానే. తర్వాత ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టాడు. "ఆదివారం అది. ల్యాబులో ఎవరూ లేరు, నేనొక్కణ్ణే. అంత నీలం నేనెప్పుడూ చూడలేదు. కంగారులో మూత తీయబోయి ఇదిగో, ఇక్కడ కాల్చుకున్నాను." ఎడమ చెయ్యి చాపి మణికట్టు చూపించాడు. ముడతలు పడిన చర్మం తప్ప అక్కడేమీ లేదు. "మచ్చ పోయింది, చాన్నాళ్ళయింది కదా" అన్నాడు.

ఆయన అబద్ధం ఆడటం లేదు.  కాలిన చేతికి మందు రాయించుకుంటూ తను ఎప్పుడో ఆయనకి చెప్పిన ముచ్చట అది. ముప్పై ఏళ్ళు మళ్ళీ మళ్ళీ చెప్పుకుని చెప్పుకుని ఆయన ఆ ఆదివారంలోకి దిగిపోయాడు, ఆమెని బయటికి నెట్టి తలుపు వేసుకున్నాడు. దొంగకి తను దొంగనని గుర్తుంటే కదా సొత్తు తిరిగి అడగడానికి. ఆమె వాచీ విప్పి, తన చెయ్యి ఆయన చేతి పక్కన పెట్టింది. మణికట్టు చుట్టూ నిగనిగలాడే పాత కాలిన మచ్చ.

ఆయన దగ్గరికి వంగి చూశాడు. "అయ్యయ్యో. ఎలా కాలిందమ్మా?" అన్నాడు.

పిల్ల తల్లి టీ తెచ్చింది. ఆమె తాగింది. ఏం తాగిందో తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం ల్యాబులో ఎందుకమ్మని కూర్చోబెట్టి, ఎలా మొదలుపెట్టాలా అని చూస్తుంటే పిల్లే నోట్‌బుక్ ముందుకు జరిపింది.

"మేడమ్, ఒకటి అడగనా? ఈ చేతిరాత మీదేనా? మీరు బోర్డు మీద ఏడు అంకెకి నడుం మీద గీత పెడతారు. ఇందులో కూడా అలాగే ఉంది."

మేడమ్‌కి ఒక్కసారిగా ఊపిరాడినట్టయింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎవరూ పోల్చుకోని రాతని ఈ పిల్ల పోల్చుకుంది. దాచకుండా చెప్పేసింది. ఆదివారం, కాయిల్, కుళాయి, రాగి గొట్టాలు, ఒక్క పేరున్న పత్రిక. నోట్‌బుక్‌లో రాసిన దొంగమాట. తలుపు వేసి ఆయన అడిగిన ప్రశ్న, తను ఇచ్చిన జవాబు. ఏదీ మినహాయించుకోలేదు. పిల్ల ఎందుకు అని ఒక్కసారి కూడా అడగలేదు. చివర్లో మేడమ్ బీరువాలోంచి కాపర్ సల్ఫేట్ సీసా తీసి, సూదిమొనంత పలుకు ఫ్లాస్కులో వేసింది. అరగంటకి నీలం దిగింది. ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. మేడమ్ ఏడ్చింది. పిల్ల తన చేతిరుమాలు ఇచ్చింది.

"చార్టు మార్చి రాస్తాను మేడమ్" అంది.

"నీకు ఏది నిజమనిపిస్తే అది రాయి" అంది మేడమ్. ఆ మూడు రోజులూ ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. నీళ్ళు కాచుకుంటూ కూడా తనలో తను నవ్వుకుంది. ఎప్పుడో పెళ్ళికి కొన్న చీర తీసి ఇస్త్రీ చేయించుకుంది.

ఆ రోజు హాలు కిటకిటలాడింది. ఎందుకమ్మ తండ్రి ముసలాయన్ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చి ముందు వరసలో పెట్టాడు. పిల్ల ఫ్లాస్కు వేడి చేసింది, పలుకు వేసింది, ఎందుకు వేస్తోందో చెప్పింది. నీలం దిగేసరికి ముసలాయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఎగతాళి చేసే అల్లుడు కళ్ళు తుడుచుకున్నాడు. హాలంతా చప్పట్లు.

మార్కుల కాగితం పట్టుకుని మేడమ్ చార్టు దగ్గరికి వెళ్ళింది. చక్కటి అక్షరాలు. "కనిపెట్టినవారు" అన్నచోట తాతయ్య పేరు ఉంది. దాని కింద "లోకం నమ్మకపోవడానికి కారణం" అన్నచోట, నోట్‌బుక్‌లో తప్పుడు నమోదు, అడిగినా దిద్దకపోవడం అని రాసి, ఆమె పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసి ఉంది. పక్కన నోట్‌బుక్ పేజీ, ఆమె బోర్డు రాత ఫొటో, రెండింటిలోని ఏడు అంకె చుట్టూ ఎర్ర సున్నాలు.

 చుట్టూ తల్లిదండ్రులు. అడగాల్సిన ప్రశ్న అడిగింది. "కనిపెట్టింది ఆయనే అని ఎలా చెబుతావు?"

ఎందుకమ్మ కళ్ళలో నీళ్ళున్నాయి, గొంతు మాత్రం తొణకలేదు. "ప్రతి పేజీ కిందా ఆయన సంతకం ఉంది మేడమ్. పేపరు మీద ఆయన పేరు ఉంది. రాసింది మీరేగానీ, గైడు చెబితే స్టూడెంటు రాయడం అక్కడి పద్ధతి అని తాతయ్య అన్నారు. ఆలోచన మీదే అనడానికి మీ మాట ఒక్కటే ఉంది. నీళ్ళ గురించి తప్పు రాశారనడానికి మాత్రం చేతిరాత ఉంది, ప్రయోగం ఉంది, మీరు ఒప్పుకున్నారు కూడా. రాగి సంగతి మీరు చెబితేనే తెలిసిందని కింద రాశాను. కానీ అది ఇప్పటిది. నేను మిమ్మల్ని నమ్ముతున్నాను మేడమ్. నమ్మకం ఆధారం కాదని మీరే కదా చెప్పారు."

మేడమ్ చార్టు మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఎక్కడైనా ఒక్క చోట పట్టు దొరుకుతుందేమోనని వెతికింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా పిల్లల చార్టుల్లో తప్పులు పట్టిన కళ్ళు అవి, వాటికి ఒక్క తప్పు కూడా దొరకలేదు. ఇంత గట్టిగా వాదించిన చార్టు ఆమె చేతికి ఎప్పుడూ రాలేదు. కాగితం మీద ఇరవైకి ఇరవై వేసి, సంతకం పెట్టింది.

ఈలోపు మనవరాలు ముసలాయన చెవిలో అంతా చెప్పింది కాబోలు, ఆయన కుర్చీ తోయించుకుని దగ్గరికి వచ్చాడు. మేడమ్ చెయ్యి అందుకుని రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు.

"పోనీలే అమ్మా. అప్పటికి చిన్నపిల్లవి, తెలియక చేశావు. నేను మనసులో ఏం పెట్టుకోలేదు."

చుట్టూ ఉన్నవాళ్ళు ఎంత పెద్దమనసో అని గుసగుసలాడుకున్నారు. ఒక తండ్రి ఆమెవైపు వంగి, "మీరు అదృష్టవంతులు మేడమ్, ఇంకొకరైతే కోర్టుకి లాగేవారు" అన్నాడు. ఆమె చెయ్యి లాక్కోవాలనుకుంది. అందరూ చూస్తున్నారు. ఎందుకమ్మ కూడా చూస్తోంది, ఆమె ఏం జవాబు చెబుతుందా అని.

"థాంక్సండి" అంది మేడమ్, తర్వాతి చార్టు దగ్గరికి నడిచింది.